ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్‌లో ఉండి డాలస్ ఆర్ట్స్ హైస్కూల్‌కి అప్లై చేయడం ఎలా

మీ పాప ఏడో గ్రేడో ఎనిమిదో గ్రేడో, డాన్సో వయొలినో బొమ్మలో ఏదో ఒకటి హాబీ స్థాయి దాటిపోయింది, ఇంట్లో ఒకటే పోరు, నేను బుకర్ టి వాషింగ్టన్ ఆర్ట్స్ హైస్కూల్‌కే వెళ్తా అని. మీరేమో ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని కూర్చున్నారు. ఆ స్కూలు డాలస్ ఐఎస్‌డీ, అంటే డాలస్ స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళది, పబ్లిక్ స్కూలే, కానీ ఆడిషన్ పెట్టి తీసుకుంటారు. బయట డిస్ట్రిక్ట్ పిల్లలకి అసలు ఇవ్వరండీ అని కొందరు, అబ్బే టాలెంట్ ఉంటే ఎవరికైనా ఇస్తారు అని ఇంకొందరు, వాట్సాప్ గ్రూపుల్లో రెండు మాటలూ తిరుగుతుంటాయి, రెండూ తప్పే. డాలస్ ఐఎస్‌డీలో ఉండే పిల్లల్లో క్వాలిఫై అయినవాళ్ళని ముందు చూసి, తరవాత సీట్లేమైనా మిగిలితే అప్పుడు బయటివాళ్ళ లిస్టు తీస్తారు. అంటే మీ పిల్ల పోటీ పడేది మిగిలిన సీట్లకి. ఇది ముందే ఒప్పుకుంటే మిగతా ప్లాన్ అంతా తేలిగ్గా కుదురుతుంది, ఒప్పుకోకపోతే ఏప్రిల్‌లో ఇంట్లో ఏడుపులు.

ఇదేం అన్యాయం, మేమూ టెక్సస్‌లోనే టాక్స్ కడుతున్నాం కదా అంటారా, కాస్త ఆగండి. ఫ్లోరా స్ట్రీట్‌లో ఆ స్కూలు 1922 నుంచి బుకర్ టి వాషింగ్టన్ పేరుతో ఉంది, అప్పట్లో అది నల్లజాతి పిల్లలకి డాలస్ ఇచ్చిన హైస్కూలు. 1976లో, తెల్ల, నల్ల పిల్లల్ని వేరువేరు స్కూళ్ళలో పెట్టకూడదన్న డీసెగ్రిగేషన్ కోర్టు కేసుల ఒత్తిడిలో, దాన్ని ఆర్ట్స్ మ్యాగ్నెట్‌గా మార్చారు, ఊళ్ళో అన్ని పేటల పిల్లలూ ఒకచోట చదవాలని. పైగా డబ్బు లెక్క కూడా ఉంది. ఏ పిల్ల ఏ డిస్ట్రిక్ట్‌లో హాజరైతే స్టేట్ డబ్బు అక్కడికి వెళ్తుంది, తలకి స్టేట్ లెక్కగట్టే మూల మొత్తం, బేసిక్ అలాట్‌మెంట్, 2019 నుంచి 6,160 డాలర్లు ఉండేది, 2025లో చట్టం మార్చి 6,215 చేశారు, కానీ మీ ఇంటి ప్రాపర్టీ టాక్స్ మాత్రం ఫ్రిస్కో ఐఎస్‌డీకే పోతుంది, బిల్డింగ్ బాండ్ల అప్పు తీర్చేది డాలస్ వాళ్ళు. అక్కడి తల్లిదండ్రులు మా పిల్లల సీట్లు సబర్బ్ వాళ్ళు ఎత్తుకుపోతున్నారు అని అడిగితే అందులో న్యాయం ఉంది, నేనైతే వాళ్ళ వైపే మాట్లాడతా.

స్టెప్ 1: ముందు మీరు నిజంగా బయటివాళ్ళేనా చూసుకోండి

నవ్వకండి, మనవాళ్ళలో చాలామందికి ఇదే తెలీదు. ఊరు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ వేరు. సైప్రస్ వాటర్స్ అపార్ట్‌మెంట్లలో మన తెలుగువాళ్ళు బోలెడుమంది, అది డాలస్ సిటీలోనే ఉంది, కానీ స్కూలు కొప్పెల్ ఐఎస్‌డీ. ఫార్ నార్త్ డాలస్‌లో డాలస్ అడ్రస్ ఉండి కూడా ప్లేనో ఐఎస్‌డీ, రిచర్డ్‌సన్ ఐఎస్‌డీ, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ కిందకి వచ్చే వీధులు చాలా ఉన్నాయి. లేక్ హైలాండ్స్ కూడా అంతే, చాలావరకు రిచర్డ్‌సన్ ఐఎస్‌డీ. అటు తిప్పి చూస్తే అడిసన్ వేరే ఊరు, కానీ దాంట్లో చాలా భాగం డాలస్ ఐఎస్‌డీయే, అక్కడ ఉండే పిల్ల లోకల్ పిల్ల కింద లెక్క. అర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ అయితే ఒక వీధి కొప్పెల్, పక్క వీధి క్యారల్టన్ అన్నట్టు ఉంటుంది.

చూసుకోవడం ఎలాగంటే, డాలస్ కౌంటీలో ఉంటే డాలస్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్‌కి వెళ్ళి మీ ఇంటి అడ్రస్ కొట్టండి, పేజీ కిందకి జరిపితే టాక్సులు ఎవరెవరికి పోతాయో వరసగా ఉంటుంది, సిటీ, స్కూలు, కౌంటీ, కాలేజీ, హాస్పిటల్ అని. స్కూలు అన్న చోట ఏ ఐఎస్‌డీ పేరు ఉందో అదే మీ డిస్ట్రిక్ట్. అద్దెకున్నా ఇదే పద్ధతి, ఇంటి ఓనర్ పేరుతో కనిపిస్తుంది అంతే, కంగారు పడక్కర్లేదు. కాలిన్ కౌంటీ అయితే కాలిన్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైట్. అపార్ట్‌మెంట్ లీజింగ్ ఆఫీసులో పనిచేసేవాళ్ళు చెప్పిన మాట నమ్మి లీజు సంతకం పెట్టకండి.

అద్దెకి ఉంటున్నవాళ్ళు, ఎలాగూ వచ్చే ఏడు లీజు అయిపోతుంది అనేవాళ్ళు, నిజంగా మారే ఉద్దేశం ఉంటే ఇక్కడే ఆలోచించండి. అడిసన్‌కో డాలస్ ఐఎస్‌డీ పరిధిలోని నార్త్ డాలస్‌కో కుటుంబం మొత్తం మారిపోతే మీ పిల్ల వేరే క్యూలో నిలబడుతుంది, అది పెద్ద తేడా. ఎప్పటిలోగా మారాలి, ఏ కాగితం చూపించాలి అన్నది డాలస్ ఐఎస్‌డీ అడ్మిషన్స్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి, ఫోన్‌లో చెప్పింది ఈమెయిల్‌లో కూడా తెప్పించుకోండి.

దొంగ అడ్రస్ గురించి

స్టెప్‌లో పెట్టాల్సింది కాదు కానీ ప్రతి గ్రూపులో ఎవరో ఒకరు అడుగుతారు, మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, వాడి కరెంట్ బిల్లు పెడితే సరిపోదా అని. సరిపోదు. టెక్సస్‌లో స్కూల్ ఎన్‌రోల్‌మెంట్ ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే అది క్రిమినల్ నేరం, ఆ మాట ఫారం మీదే రాసి ఉంటుంది. దొరికితే పిల్ల చదివినంత కాలానికీ ట్యూషన్ లెక్కగట్టి వసూలు చేసే హక్కు ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 25.001 ఇచ్చింది, ట్యూషన్ ఎక్కువా లేక ఒక్కో విద్యార్థి మీద డిస్ట్రిక్ట్ పెట్టే ఖర్చు ఎక్కువా అని చూసి ఏది ఎక్కువైతే అది. వీసా మీద ఉన్నవాళ్ళు నేరం అన్న మాట ఉన్న కాగితం జోలికి ఎందుకు వెళ్తారో నాకర్థం కాదు. పిల్లకి కూడా రోజూ ఫ్రెండ్స్ దగ్గర ఇల్లెక్కడో దాచుకోవడం, అదేం బతుకండీ.

అమ్మమ్మా తాతయ్యా నిజంగానే డాలస్ ఐఎస్‌డీలో సెటిలై ఉండి, స్కూలయ్యాక పిల్లని వాళ్ళే చూసుకుంటుంటే మాత్రం చట్టంలో దానికి ఒక దారి ఉంది, డిస్ట్రిక్ట్ బోర్డు ఒప్పుకోవాలి. ఆరు నెలలు విజిటర్ వీసా మీద వచ్చి వెళ్ళే తాతయ్యల సంగతి కాదు నేను చెప్పేది. మీరో మీ ఆవిడో డాలస్ ఐఎస్‌డీలో టీచర్‌గా పనిచేస్తుంటే ఉద్యోగుల పిల్లలకి ఏమైనా రూల్ ఉందేమో హెచ్‌ఆర్‌ని అడగండి, ఈ మధ్య మనవాళ్ళు చాలామంది టీచింగ్ సర్టిఫికేషన్ చేసి చేరుతున్నారు కాబట్టి చెప్తున్నా.

స్టెప్ 2: ఏ కన్సర్వేటరీ

కన్సర్వేటరీ అంటే ఆ స్కూల్లో ఒక్కో కళకి ఉండే విభాగం. నాలుగున్నాయి, డాన్స్, మ్యూజిక్, థియేటర్, విజువల్ ఆర్ట్స్. బయటినుంచి వచ్చే పిల్లకి సీటు మిగలాలంటే అక్కడ ఖాళీ ఉండాలి కదా, ఈ లెక్కన ఆలోచిస్తే ఏ ఆర్ట్స్ స్కూల్లోనైనా పియానో, వయొలిన్ పిల్లలు గుంపులు గుంపులుగా వస్తారు, మనవాళ్ళూ చైనీస్ వాళ్ళూ కొరియన్ వాళ్ళూ అందరూ అవే. వయోలా, బసూన్, ఓబో, డబుల్ బాస్ వాయించేవాళ్ళు ఏ ఆర్కెస్ట్రాకైనా తక్కువే దొరుకుతారు. అలాగని సీటు కోసం ఏడో గ్రేడ్‌లో వయొలిన్ లాక్కుని బసూన్ చేతిలో పెట్టమని కాదు, కానీ ఆరో గ్రేడ్‌లో బ్యాండ్ డైరెక్టర్ మీ వాడికి ఓబో ఇస్తానంటే ఆ శబ్దమేంటి అని మొహం చిట్లించకండి.

తొమ్మిదో గ్రేడ్‌లోనే ఎక్కువ సీట్లు ఉంటాయి. పదిలో, పదకొండులో ఎవరైనా వెళ్ళిపోతేనే ఖాళీ. కాబట్టి ఎనిమిదో గ్రేడ్ ఫాల్‌లోనే అప్లై చేయాలి, ముందు ఇక్కడి హైస్కూల్లో ఒక ఏడాది చూద్దాం అనుకుంటే కష్టం. మధ్యలో మారినవాళ్ళు లేరని కాదు, రవిశంకర్ గారి అమ్మాయి నోరా జోన్స్ గ్రేప్‌వైన్ హైస్కూల్ నుంచే ఈ స్కూలుకి మారింది. ఆమె దారి చూసి మన ప్లాన్ వేసుకోలేం కదా.

స్టెప్ 3: ఆడిషన్, అసలు పని ఇక్కడే

అప్లికేషన్ ఫాల్‌లో తెరుచుకుంటుంది, కొత్త సంవత్సరం వచ్చిన కొన్ని వారాలకి మూసేస్తారు, ఆడిషన్లు ఆ చుట్టుపక్కలే. తేదీలు ప్రతి ఏడూ అటూ ఇటూ జరుగుతాయి, పోయినేడు ఎవరో పంపిన స్క్రీన్‌షాట్ చూసి కూర్చోకండి. ఏ కన్సర్వేటరీకి ఏం చూపించాలో స్కూలు సైట్‌లో పెడతారు, అది ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. అదే ప్రశ్నపత్రం.

డాన్స్ సంగతి ముందు చెప్తా, ఎందుకంటే మన పిల్లల్లో కూచిపూడి, భరతనాట్యం చేసి అరంగేట్రం కూడా అయిపోయినవాళ్ళు ఉంటారు, ఎనిమిదేళ్ళ సాధన ఉంది ఇంకేం కావాలి అనుకుంటారు. ఇలాంటి స్కూళ్ళ ఆడిషన్‌లో సాధారణంగా బ్యాలే, మోడర్న్ క్లాసు పెట్టి గుంపులో చేయిస్తారు, ఆ తరవాత చిన్న సోలో. బార్ (బ్యాలేలో పట్టుకునే కమ్మీ) దగ్గర నిలబెట్టి ప్లియే, అంటే మోకాళ్ళు వంచి దిగడం, చేయమంటే మన పిల్ల అరమండిలోకి దిగిపోతుంది, చూడటానికి దగ్గర దగ్గరగానే ఉంటాయి కానీ నడుం బరువు ఎక్కడ పెట్టాలో వేరు, చేతులు వదిలేయమంటే వేళ్ళు వాటంతటవే పతాక ముద్రలోకి వెళ్ళిపోతాయి, కాలు నేలకి కొట్టడం అలవాటై మెత్తగా దిగడం రాదు. ఇదేం లోపం కాదు, వేరే భాష అంతే. కానీ జడ్జి చూసేది ఈ పిల్లకి నాలుగేళ్ళు మేం నేర్పేది ఎక్కుతుందా అని. అందుకని ఆరో గ్రేడ్ నుంచైనా వారానికి రెండు బ్యాలే క్లాసులు వేయించండి, గురువుగారికి కోపం వస్తే నచ్చజెప్పుకోండి. సోలోకి మాత్రం కూచిపూడి ఒప్పుకుంటారా అని అడిగి, ఒప్పుకుంటే అదే చేయించండి, గదిలో అందరూ ఒకే రకం కాంటెంపరరీ చేస్తున్నప్పుడు బాగా చేసిన ఒక జతి గుర్తుండిపోతుంది. ఎంత సమయం ఇస్తే అంతే, తరంగం మొత్తం కుదించి ఇరికించొద్దు, ఒక ముక్క తీసి దాన్ని శుభ్రంగా చేయించండి.

కర్ణాటక సంగీతం పాడే పిల్లలకి ఇంకో చిక్కు. పియానో మీద ఒక స్వరం నొక్కి అదే పాడమంటారు, స్వరం కదలకుండా సూటిగా నిలబెట్టాలి, మన పిల్ల అలవాటుకొద్దీ గమకం వేసేస్తుంది. వినేవాళ్ళకి శ్రుతి తప్పినట్టు అనిపిస్తుంది, నిజానికి శ్రుతి బ్రహ్మాండంగా ఉంది. పైగా స్టాఫ్ నొటేషన్ చూసి పాడటం, అంటే సైట్ రీడింగ్, అర నిమిషం కాగితం చూడనిచ్చి వెంటనే మొదలెట్టమంటారు. సరిగమలు కంఠతా వచ్చిన పిల్లకి స్టాఫ్ నేర్పడం పెద్ద పనేం కాదు, ఐదారు నెలలు స్కూల్ క్వైర్‌లో ఉంటే వచ్చేస్తుంది. కాబట్టి మిడిల్ స్కూల్లో క్వైర్ ఎలెక్టివ్ తీసుకోనివ్వండి, దాని బదులు ఇంకో కోడింగ్ క్లాసు వద్దు. వాయిద్యం వాయించేవాళ్ళకి టెక్సస్‌లో ఆల్ రీజియన్ పోటీలు ఉండనే ఉన్నాయి, స్కేల్సు, ఎట్యూడ్‌లు అన్నీ వాటికి ఎలా తయారవుతారో దీనికీ అలాగే తయారవ్వాలి.

థియేటర్‌కి కంఠతా వచ్చిన మోనోలాగ్ కావాలి, అచ్చయిన నాటకంలోది, పిల్ల వయసుకి తగ్గది. యూట్యూబ్‌లో దొరికినవి, సినిమా డైలాగులు వద్దు. అప్పటికప్పుడు ఒక కాగితం ఇచ్చి చదవమనడం కూడా ఉంటుంది, ఇంట్లో రోజూ ఏదో ఒకటి గట్టిగా చదివించండి చాలు.

విజువల్ ఆర్ట్స్‌లో మనవాళ్ళ పోర్ట్‌ఫోలియో చూస్తే ఒకటే తంతు, ఫొటో చూసి వేసిన పులి, ఫొటో చూసి వేసిన వినాయకుడు, యానిమే బొమ్మలు. చేయి బాగుంటుంది, కానీ ఎదురుగా ఉన్న వస్తువు చూసి వేసింది ఒక్కటీ ఉండదు. అక్కడేమో టేబుల్ మీద నలిపిన పేపర్ బ్యాగో, పాత షూసో పెట్టి గీయమంటారు, నీడ ఎటు పడుతోంది, లేస్ ఎక్కడ మలుపు తిరిగింది అన్నది కళ్ళతో చూసి వేయాలి. ఇంట్లో కుక్కర్ మూత, చెప్పుల స్టాండు, నిద్రపోతున్న తమ్ముడు, ఇవి గీయించండి రోజుకొకటి. పోర్ట్‌ఫోలియోలో ఇవే ముందు పెట్టండి, పులి వెనక్కి వెళ్తుంది.

స్టెప్ 4: కాగితాలు

రిపోర్ట్ కార్డులు, టెక్సస్ స్టేట్ పరీక్ష స్టార్ స్కోర్లు, బర్త్ సర్టిఫికెట్, వ్యాక్సిన్ రికార్డు, అడ్రస్ ప్రూఫ్, అన్నీ ఒక ఫోల్డర్‌లో స్కాన్ చేసి పెట్టుకోండి. అడ్రస్ దగ్గర మీ అసలు ఫ్రిస్కో అడ్రసే రాయండి, బయట డిస్ట్రిక్ట్ అన్న చోట టిక్ పెట్టండి. ఇమిగ్రేషన్ స్టేటస్ అడుగుతారేమో అని హెచ్4 వాళ్ళు భయపడక్కర్లేదు, పబ్లిక్ స్కూల్లో చదవడానికి అది అడ్డు కాకూడదని 1982లో సుప్రీం కోర్టు చెప్పింది, ఆ కేసు కూడా మన టెక్సస్‌లో టైలర్ అనే ఊరిదే. ఇండియా నుంచి ఈమధ్యే వచ్చిన పిల్లలైతే వ్యాక్సిన్ల కాగితం పీడియాట్రీషియన్‌కి చూపించి ఇక్కడి రికార్డులోకి ముందే ఎక్కించుకోండి, దానికే టైం పడుతుంది.

ఎనిమిదో గ్రేడ్‌లో ఆల్జీబ్రా 1 చేస్తున్న పిల్లకి అది హైస్కూల్ క్రెడిట్, ఆ గ్రేడ్ కొత్త డిస్ట్రిక్ట్ జీపీఏలో ఎలా కలుస్తుందో కౌన్సిలర్‌ని ఇప్పుడే అడగండి. ర్యాంకు పిచ్చి ఉన్న తల్లిదండ్రులకి ఒక మాట, హైస్కూల్ క్లాసులో పై 10 శాతంలో ఉంటే స్టేట్ యూనివర్సిటీల్లో సీటు ఇచ్చే టాప్ 10 పర్సెంట్ రూల్ టెక్సస్ పబ్లిక్ హైస్కూళ్ళన్నిటికీ వర్తిస్తుంది, యూటీ ఆస్టిన్ మాత్రం 2026లో చేరేవాళ్ళ నుంచి దాన్ని టాప్ 5కి తగ్గించింది. ఫ్రిస్కోలో ఆ 5లో ఉండటం ఎంత కష్టమో మీకు తెలుసు. ఆర్ట్స్ స్కూల్లో తేలిక అని మాత్రం అనుకోకండి, అక్కడి పిల్లలు రిహార్సల్ అయ్యాక ఏపీ, అంటే కాలేజీ స్థాయి కోర్సుల హోంవర్క్ చేసేరకం.

స్టెప్ 5: మీ సొంత డిస్ట్రిక్ట్ హైస్కూల్లో సీటు వదలకండి

మీ ఐఎస్‌డీలో తొమ్మిదో గ్రేడ్ కోర్స్ సెలెక్షన్ సరిగ్గా ఈ ఆడిషన్ల టైంలోనే జరుగుతుంది. చాలామంది ఎలాగూ వెళ్ళిపోతుంది కదా అని అక్కడ ఏవో నాలుగు టిక్కులు పెట్టేస్తారు, ఆర్కెస్ట్రా ఆడిషన్ ఎగ్గొట్టేస్తారు. అలా చేయొద్దు. పిల్ల హోమ్ హైస్కూల్లోనే నాలుగేళ్ళు చదువుతుంది అన్నట్టుగా కోర్సులు పెట్టించండి, అక్కడి డ్రిల్ టీం, వర్సిటీ క్వైర్ ట్రయౌట్లు కూడా ఇప్పించండి. బయటివాళ్ళకి వెయిట్‌లిస్ట్ రావడం మామూలు, అది ఆగస్టు దాకా కూడా కదలొచ్చు, కదలకపోవచ్చు. వెయిట్‌లిస్ట్‌లో పెట్టినట్టు మెయిల్ వస్తే గడువులోపు ఒప్పుకుని ఉంచండి, ప్రిన్సిపల్‌కి రోజూ మెయిల్ కొట్టకండి.

స్టెప్ 6: డబ్బు, దూరం

బయట డిస్ట్రిక్ట్ ట్రాన్స్‌ఫర్‌కి ట్యూషన్ తీసుకునే అధికారం డిస్ట్రిక్ట్‌కి చట్టంలో ఉంది. ఈ ఏడు మీకు ఎంత, అసలు ఉందా లేదా, నెలనెలా కట్టొచ్చా, సీటు ఒప్పుకునే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. స్కూల్ బస్సు ఇంటిదాకా వస్తుందని లెక్కేసుకోకండి.

ప్లేనోవాళ్ళకి నయం, పార్కర్ రోడ్ స్టేషన్‌లో డార్ట్ (డాలస్ లోకల్ రైలు) రెడ్ లైన్ ఎక్కితే ముప్పావు గంట అటూ ఇటూగా పెర్ల్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్‌లో దిగి నడిచి వెళ్ళిపోవచ్చు. అర్వింగ్ లాస్ కొలీనాస్ వాళ్ళకి ఆరెంజ్ లైన్. ఫ్రిస్కో డార్ట్‌లో లేదు, పార్కర్ రోడ్ దాకా ఎవరో ఒకరు దింపాలి, లేకపోతే రోజూ టోల్‌వే, టోల్‌ట్యాగ్ బిల్లు చూసి గుండె దిటవు చేసుకోవాలి. పొద్దున్న వెళ్ళడం ఒక ఎత్తు, షో దగ్గర పడ్డాక రిహార్సల్ రాత్రిదాకా ఉంటే తీసుకురావడం ఇంకో ఎత్తు. ఆఫీసుకి వారంలో మూడు రోజులు వెళ్ళాల్సినవాళ్ళు ఇద్దరూ కూర్చుని ఒక కాగితం మీద సోమవారం నుంచి శుక్రవారం దాకా ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు రాసుకోండి. ఆ కాగితం నిండకపోతే ఆడిషన్ ఫారం కూడా నింపకండి, పిల్లకి ఆశపెట్టి ఆపడం కన్నా అదే మేలు. ఒకే దారిలో ఇంకో కుటుంబం దొరికితే కార్‌పూల్, మన దగ్గర దొరక్కపోవడం ఉండదు.

హ్యూస్టన్‌వాళ్ళకి ఇదంతా చాలావరకు అలాగే పనికొస్తుంది, అక్కడ 1971లో పెట్టిన ఆర్ట్స్ హైస్కూల్ హెచ్‌ఎస్‌పీవీఏ, ఇప్పుడు కిండర్ పేరుతో డౌన్‌టౌన్‌లో ఉంది, హ్యూస్టన్ ఐఎస్‌డీ పిల్లలకే ముందు, షుగర్ ల్యాండ్, కేటీ, పేర్‌ల్యాండ్ వాళ్ళు తరవాత. హ్యూస్టన్ అని అడ్రస్‌లో ఉన్నా కేటీ ఐఎస్‌డీయో సై-ఫెయిరో అవ్వొచ్చు, అక్కడా అదే తిరకాసు. ఎడిసన్, జెర్సీ సిటీ వాళ్ళు న్యూయార్క్ లగార్డియా ఆర్ట్స్ హైస్కూలు గురించి అడుగుతుంటారు, అది సిటీలో ఉండేవాళ్ళకి మాత్రమే, నదికి ఇటువైపు ఉంటే అప్లై చేయడానికే లేదు.

సీటు వచ్చాక

ఆఫర్ వచ్చిన రోజే హోమ్ డిస్ట్రిక్ట్‌లో విత్‌డ్రా ఫారం పెట్టేయకండి. ట్రాన్స్‌ఫర్ అగ్రిమెంట్ మీద మీ సంతకం, డాలస్ ఐఎస్‌డీ ఆమోదం రెండూ అయ్యి, కాపీ చేతికి వచ్చాక అప్పుడు. ఆ ట్రాన్స్‌ఫర్ కూడా ఏడాదికే, ప్రతి ఏడూ మళ్ళీ కావాలి, గ్రేడ్లు, అటెండెన్స్ చూసి రద్దు చేసే వీలుంటే ఆ షరతులు ఆ కాగితంలోనే ఉంటాయి, చదవండి. సంక్రాంతికి ఇండియా వెళ్ళి మూడు వారాలు ఉండిపోయే అలవాటు ఉన్నవాళ్ళు ఆ అటెండెన్స్ లైన్ రెండుసార్లు చదవండి. రెన్యూవల్ ఎప్పుడు మొదలవుతుందో ఆఫీసులో అడిగి, ఇద్దరి ఫోన్లలోనూ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఒక్కరి ఫోన్‌లో పెడితే ఎవరి ఫోన్‌లో ఉందా అని మళ్ళీ అదో గొడవ.